చుక్కల బారు

గణితమను మాట చెవిని పడినంతనే అది మనకు గాదని వంటయింటి వైపు తిరుగు స్త్రీలలో మొన్నటి వరకు మేమును ఒకరము. బాల్యమున మా తండ్రిగారి యొద్ద అమరము, భాగవతము, రఘువంశమున కొన్ని సర్గలు చదివితిమి. ఎక్కములు నోటికి వచ్చి, పాల లెక్కయు చాకలి పద్దును తప్పులేక వేయగలిగిన పిమ్మట ఇక లెక్కతో మనకు పని తీరినదని తలంచితిమి. అట్టి మేము గత ధనుర్మాసమున మా అమ్మాయి ప్రక్కన గూర్చుండి గ్రాఫు గీచుట నేర్చితిమి. దానివలన మా సంసారమునకు కలిగిన మేలును, అంతకు ముందు మేము చేసిన తెలివితక్కువ పనిని, రెంటిని దాచక చెప్పుటకే ఇది వ్రాయుచున్నాము.

మా అమ్మాయి పదవ తరగతి చదువుచున్నది. ఆ తరగతి గణితమున శ్రేఢులు, నిరూపక జ్యామితి అను భాగములు కలవు. ఒకనాటి సాయంకాలము అది సెల్‌ఫోను చేత బట్టుకొని తలవంచి కూర్చుండగా, ఆటలాడుచున్నదని కసరితిమి. అది కోపింపక ఫోను మా ముందుంచెను. తెరపై గళ్ల కాగితము వంటిది కనబడుచుండెను. మధ్యను ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. అమ్మాయి క్రిందనున్న గడిలో రెండంకెలు వ్రాయగా, ఆ గళ్ల నడుమ ఒక చుక్క వెలసెను. మరి రెండంకెలు వ్రాయగా మరియొక చుక్క.

“ఇది ముగ్గు గదే!” అంటిమి.

“ముగ్గే. కాని ఇందులో ప్రతి చుక్కకూ ఒక చిరునామా ఉంటుందమ్మా” అనెను.

ఆ పనిముట్టు పేరు జియోజీబ్రా. ఆస్ట్రియా దేశమందలి సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమున మార్కుస్ హోహెన్‌వార్టర్ అను విద్యార్థి 2001లో దీనిని ఆరంభించెను. జ్యామితికిని బీజగణితమునకును పాశ్చాత్యులకు గల పేర్లను అతికి దానికా పేరు పెట్టినారు. ఇట్టిదే డెస్మోస్ అను మరియొకటి 2011లో అమెరికాలో పుట్టినది. వీనికి పూర్వము 1985లో కాసియో సంస్థవారు గ్రాఫులు గీయగల చేతియంత్రమును విక్రయమునకు తెచ్చిరి. కాని అట్టి యంత్రము ప్రత్యేకముగా కొనదగిన వస్తువు. ఇప్పటివో, మన యింటి ఫోనులోనే రుసుము లేక దొరకుచున్నవి.

చుక్కకు చిరునామా యనగా నేమి? అడ్డగీతయు నిలువుగీతయు కలియుచోటు మూలబిందువు. అది వాకిట గడపవంటిది. అచ్చటనుండి కుడికి ఎన్ని గళ్లు, పైకి ఎన్ని గళ్లు అని చెప్పినచో చుక్క ఎక్కడ నుండవలెనో తెలియును. ఈ రెండంకెలను ఆ చుక్క యొక్క నిరూపకములందురు. అడ్డపు కొలత ముందు, నిలువు కొలత వెనుక. ఈ క్రమము తప్పరాదు. రేఖాగణితమును ఇట్లు అంకెలతో ముడివేసిన గ్రంథమును డేకార్ట్ అను ఫ్రెంచి తత్త్వవేత్త 1637లో ప్రకటించెను.

క్రమము తప్పిన నేమగునని మేమడుగగా అమ్మాయి మన ఊరినే దృష్టాంతముగా చూపెను. విశాఖపట్టణము సుమారుగా 83.3 డిగ్రీల తూర్పు రేఖాంశమునను, 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశమునను ఉన్నది. మన రేవునకు వచ్చు ఓడలు ఈ రెండంకెలను నమ్ముకొనియే వచ్చును. వానిని తారుమారు చేసి అక్షాంశమును 83.3 అనియు, రేఖాంశమును 17.7 అనియు పట్టినచో, ఆ ఓడ ఉత్తరధ్రువమునకు చేరువనున్న మంచు సముద్రమునకు పోవలసినదే! అంకెలు రెండును సరియైనవే. వాని స్థానము మాత్రమే మారినది.

ఈ విద్య మన ఊరికి క్రొత్తదియు గాదు. గోడే వెంకట జగ్గారావుగారు 1840లోనే ఈ పట్టణమున స్వంత ధనముతో నక్షత్రశాలను నెలకొల్పిరి. వారి అనంతరము వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపి, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగుటను ఇచ్చటనుండియే పరిశీలించిరి. ఆకాశమందలి చుక్క ఏ గడియలో ఎచ్చట నున్నదో అంకెలలో వ్రాసియుంచుటయే వారి పని. మా అమ్మాయి ఫోనులో చేయుచున్నదియు దాని చిన్న రూపమే యని తోచి, కసరినందుకు సిగ్గుపడితిమి.

మరునాటి వేకువను మా వాకిట 15 చుక్కల ముగ్గు వేయవలసియుండెను. సందుచుక్క, 8 వరకు. తెలియని వారుండరుగాని, లెక్కకొరకు చెప్పుచున్నాము. నడిమి వరుసలో 15 చుక్కలు. దాని పైవరుసలోను క్రిందివరుసలోను రెండేసి చుక్కల సందునకు ఎదురుగా ఒక్కొక చుక్క చొప్పున 14. ఇట్లు ఇరుప్రక్కల ఒక్కొకటి తగ్గుచు 8 చుక్కలతో నిలుచును. అమ్మాయి ఈ ముగ్గును తెరపై పెట్టెను. నడిమి వరుస చుక్కలకు అడ్డపు కొలతలు 1, 2, 3 మొదలుగా 15 వరకు. పైవరుస చుక్కలు సందులలో నుండవలెను గనుక వానికి ఒకటిన్నర, రెండున్నర మొదలుగా పదునాలుగున్నర వరకు. చూచుచుండగనే మా వాకిటి ముగ్గు అరచేతిలో నిలిచినది.

అటుపిమ్మట అది మరియొక తెర తెరచి, వరుస సంఖ్యను అడ్డముగాను, ఆ వరుసలోని చుక్కల సంఖ్యను నిలువుగాను పెట్టెను. నడిమి వరుసను మొదటిదిగా ఎంచిన 1కి 15, 2కు 14, 3కు 13, ఇట్లు 8వ వరుసకు 8. ఆ ఎనిమిది చుక్కలును కత్తితో కోసినట్లు ఒకే వాలుగా దిగుచున్న బారులో నిలిచినవి. వరుస సంఖ్యను 16 నుండి తీసివేసిన ఆ వరుసలోని చుక్కలు వచ్చునని అమ్మాయి చెప్పి, ఆ సూత్రమును వ్రాయగా ఒక గీత ఆ చుక్కలన్నిటి మీదుగా పోయెను. ఇచ్చట ఒక్క మాట గమనింపవలెను. గీత ఎడతెగనిది, ముగ్గు అట్టిది కాదు. మూడున్నరవ వరుస అనునది ఏ వాకిటను లేదు. కనుక శ్రేఢి యనగా చుక్కలే. గీత వాని దారిని చూపునది మాత్రమే.

శ్రేఢి యను మాట మాకు సంస్కృతమున పరిచితమే. భాస్కరాచార్యులు 1150లో రచించిన లీలావతిలో శ్రేఢీ వ్యవహారమని ఒక ప్రకరణము కలదు. మొదటి సంఖ్యను ఆది యనియు, ప్రతి పదమునకు పెరుగు లేక తరుగు మొత్తమును చయమనియు, పదముల సంఖ్యను గచ్ఛమనియు, అన్నిటి మొత్తమును సర్వధనమనియు వ్యవహరింతురు. మహావీరాచార్యుల గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసినాడని మా తండ్రిగారు చెప్పగా వింటిమిగాని, ఆ లెక్కలను మేము చేసి చూచినవారము గాము. పేర్లు వచ్చియుండియు వస్తువు నెరుగకుంటిమి.

ఆదిని అంత్యమును కూడి సగము చేసి గచ్ఛముచే హెచ్చించిన సర్వధనము వచ్చును. మా ముగ్గులో 15తో 8 కూడిన 23, సగము పదునొకటిన్నర, ఎనిమిది వరుసలచే హెచ్చించిన 92. రెండవ ప్రక్కన 14 నుండి 8 వరకు ఏడు వరుసలు, 14తో 8 కూడిన 22, సగము 11, ఏడింటిచే హెచ్చించిన 77. మొత్తము 169. మాకు నమ్మిక చాలక, వేకువను ముగ్గుచిప్ప చేత బట్టుకొని, పెట్టిన చుక్కలను ఒక్కొకటిగా లెక్కించితిమి. 169 ఉన్నవి! అమ్మాయి గుమ్మమున నిలిచి నవ్వుచుండెను.

ఈ నమ్మిక కుదిరిన పిదపనే మేము అసలు సంగతిని బయటపెట్టవలసి వచ్చినది.

అప్పటికి 22 నెలల క్రిందట, ఫాల్గుణమున, మా తల్లిగారి కంటికి శస్త్రచికిత్స అవసరమాయెను. మా వారు పాఠశాలలో తెలుగు బోధింతురు. ఇంటి అప్పు వాయిదాలు పోగా జీతమున మిగులునది స్వల్పము. వారి మనస్సునకు భారమగునని మేమే మాకెరిగిన ఒకామె యొద్ద 60,000 రూపాయలు తీసికొంటిమి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నెలకు 1,200 చొప్పున అగునని వ్రేళ్లమీద లెక్కించుకొని, కాగితముపై చేవ్రాలు చేసితిమి. కొంచెము కూడబెట్టిన వెంటనే తీర్చి, మా వారికి చెప్పనవసరము లేకుండ చేయవలెనని మా యూహ. కూడబెట్టుట ఎంత కష్టమో గృహిణులకు చెప్పనక్కరలేదు.

ఆ మార్గశిరమున బాకీ ఎంతయైనదని ఆమెను అడిగితిమి. మా లెక్క ప్రకారము 22 నెలలకు వడ్డీ 26,400, అసలుతో 86,400. ఆమె 89,280 అనెను. తేడా 2,880. ఆమె మోసగించుచున్నదో, మేము తప్పు లెక్కించితిమో తెలియక నాలుగు రాత్రులు నిదుర లేకపోయినది. ఎవరిని అడుగుదుము?

ముగ్గు లెక్క సరిపోయిన నాటి మధ్యాహ్నము అమ్మాయి యొద్దకు పోయి, పుస్తకములోని లెక్క చెప్పినట్లు, “60,000 మీద నూటికి రెండు వడ్డీ అయితే 22 నెలలకు ఎంతవుతుందో చుక్కలు పెట్టి చూపు” మంటిమి.

అది మా ముఖము వంక చూచి, “ఎవరి అప్పమ్మా ఇది?” అనెను.

“పుస్తకంలోది.”

“పుస్తకంలో లెక్కలకు 22 నెలలుండవమ్మా. 12 గాని 24 గాని ఉంటాయి.”

ఇక దాచలేకపోతిమి. అంతయు చెప్పితిమి. అది మాటాడక, మేము బియ్యపు డబ్బాలో దాచిన కాగితపు నకలును తెప్పించుకొని, చదివి, ఒక పంక్తి క్రింద వ్రేలుంచెను. సంవత్సరాంతమున చెల్లింపని వడ్డీ అసలుతో కలుపబడునని అందులో ఉన్నది. దీర్ఘ సమాసములను విడదీసి అన్వయము చెప్పగల మేము, మా చేవ్రాలునకు రెండు పంక్తుల పైనున్న సులభమైన తెలుగు వాక్యమును చదువలేదు!

మొదట 60,000 అని వ్రాయగా తెరపై ఏమియు కనబడలేదు. చుక్క ఎచ్చటనో ఆకాశమున పడినది. కనుక అమ్మాయి వేలలో లెక్కించి, అప్పు తీసికొన్ననాడు 60, మొదటి నెలకు 61.2, రెండవ నెలకు 62.4 అని పెట్టుకొనెను. ప్రతి చుక్కను వ్రాయనక్కరలేదు. సీక్వెన్స్ అను ఒక్క ఆజ్ఞలో సూత్రమును, ఎక్కడనుండి ఎక్కడివరకో ఆ అంకెలను ఇచ్చినచో చుక్కలన్నియు ఒక్కసారి బారు తీరును. మేము తలంచిన లెక్కకు నీలపు చుక్కలు, కాగితములో ఉన్న లెక్కకు ఎఱ్ఱచుక్కలు పెట్టెను.

పండ్రెండు నెలల వరకు నీలపు చుక్క ఒక్కటియు కనబడలేదు. ఎఱ్ఱవి వానిని కప్పివేసినవి. ఏలయన మొదటి యేడాది రెండును ఒక్కటే. సంవత్సరము నిండునప్పటికి రెండు లెక్కలలోను 74,400. అటుపిమ్మట నీలపు బారు ఎప్పటివలె నెలకు 1,200 చొప్పుననే సాగినది. ఎఱ్ఱబారు అచ్చట మెడ పైకెత్తినది. వడ్డీ 14,400 అసలులో కలిసినందున ఇక 74,400 మీద వడ్డీ, నెలకు 1,488. అనగా నెల నెలకు 288 ఎక్కువ. పది నెలలకు 2,880. మా నాలుగు రాత్రుల నిదుర ఈ చిన్న గుణకారములో ఉన్నది. ఆమె మోసగింపలేదు. మేమే చూడలేదు.

బారువడ్డీ, చక్రవడ్డీ అను మాటలు చిన్ననాటినుండి వినుచున్నాము. చీమల బారులోని బారే బారువడ్డీలో ఉన్నదని ఆనాడు కంటికి గట్టినది. నీలపు చుక్కలు చీమలవలె వంకర లేక సాగిపోవుచున్నవి. వడ్డీ పోయి అసలులో చేరి, ఆ అసలు మరల వడ్డీని కనునది చక్రవడ్డీ. ఏడాదికొకసారి కలుపునప్పుడు అది ఏడేడు ఒకచోట విరుగుచు, విరిగినప్పుడెల్ల నిటారగుచుండును. ఈ నిటారుతనమునే గణితమున వాలు అందురు. మన పూర్వుల చయమే అది.

“ఇలాగే వదిలేస్తే ఎంతవుతుందో చూడు” అని అమ్మాయి తెరను వ్రేళ్లతో దగ్గరకు లాగెను. 36 నెలలకు నీలపు చుక్క 1,03,200 వద్ద, ఎఱ్ఱది సుమారు 1,14,400 వద్ద. 60 నెలలకు నీలపుది 1,32,000. ఎఱ్ఱది సుమారు 1,75,900. కొంచెము కూడబెట్టిన పిమ్మట తీర్చుదమని మేము ఎదురుచూచుచున్న కాలమున, ఆ చుక్కలు మాకంటె వేగముగా ఎక్కుచున్నవి. మేము కూడబెట్టగలిగినది నెలకు వెయ్యి. అప్పు పెరుగునది 1,488. ఈ రెండంకెలును మా తలలో విడివిడిగా ఉండెను గాని ఒకే కాగితము మీద ఎన్నడును ప్రక్క ప్రక్కన నిలుపలేదు.

ఆ రాత్రి భోజనములైన పిదప మా వారికి ఆ తెరను చూపి, సంగతి చెప్పితిమి. వారు చాలసేపు పలుకలేదు. పిమ్మట కాగితమును పుచ్చుకొని మొదటినుండి తుదివరకు పైకి చదివిరి. “అత్తయ్యగారి కన్ను బాగున్నది గదా, అది చాలును. కాని 22 నెలలు ఒక్కతెవే మోసితివే” యని మాత్రమనిరి. కోపించినను అంత దుఃఖము కలిగియుండదు.

మరుసటి వారమే మా చేతి గాజులను బ్యాంకులో ఉంచి 80,000 తీసికొని, మేము కూడబెట్టినదానిలో 9,280 కలిపి, ఆ బాకీని తీర్చి, కాగితమును చింపివేసితిమి. బ్యాంకు వడ్డీ నూటికి నెలకు రూపాయి కంటె తక్కువ. దానిని నిశ్చయించుకొనుటకు ముందు అమ్మాయి తెరపై ఒక మీటను అమర్చి, వడ్డీ రేటును రెండునుండి ఒకటికి వ్రేలితో జరిపి చూపెను. మీట జరిగినకొలది బారు మొత్తము ఒరిగి, నేలవైపు దిగుచుండెను. ఇట్లు ఒక్క అంకెను మార్చిన మిగిలినదంతయు ఎట్లు మారునో అప్పటికప్పుడే చూపుట ఈ పనిముట్టునకు గల గొప్ప గుణము. కాగితముపై గీచినచో ప్రతిసారియు క్రొత్త కాగితము కావలెను గదా!

సోదరీమణులారా! ఈ విద్య అప్పులకు మాత్రమే యనుకొనరాదు. ఆటో ఎక్కిన తోడనే ఇంత, పిమ్మట మైలునకో కిలోమీటరునకో ఇంత అన్నచో, అది ఆదియు చయమును గల బారు. కరెంటు బిల్లు అట్టిది గాదు. వాడకము హెచ్చినకొలది పైయూనిట్లకు ధర హెచ్చును గనుక అదియు ఎఱ్ఱచుక్కలవలె మధ్య మధ్య విరిగి పైకెక్కు గీత. నెలనెలా వాడిన యూనిట్లను అడ్డముగాను, చెల్లించిన రూపాయలను నిలువుగాను ఒక సంవత్సరము చుక్కలు పెట్టి చూచినచో, ఎచ్చట చేయి పట్టుకొనవలెనో తెలియగలదు. ఫోను లేనివారు పిల్లల గళ్ల పుస్తకములో ఒక పుటను అడిగి పుచ్చుకొన్న చాలును. అయితే రెండు మూడు చుక్కలు బారుగా నున్నవని మిగిలినవియు అట్లే యుండునని నమ్మరాదు. మేము పండ్రెండు చుక్కల వరకు నమ్మి చెడితిమి. పదుమూడవ చుక్కను ముందుగా పెట్టి చూచిన పిమ్మటనే చేవ్రాలు చేయవలెను.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో మరియొక బారు ఉన్నది. ఆది 80, చయము ఋణము 4. నెలకు 4,000 చొప్పున బ్యాంకునకు అసలును తగ్గించుచున్నాము. వడ్డీని వేరుగా కట్టుచున్నాము. ఇది మా ముగ్గు వరుసలవలె దిగు బారు. 20వ చుక్క అడ్డగీతను తాకును. ప్రతినెల మొదటి వారమున మా వారు, అమ్మాయి, మేము మువ్వురమును కూర్చుండి ఒక చుక్క పెట్టుదుము. ఈ శ్రావణమునకు ఏడు చుక్కలు పడినవి. బాకీ 52,000 వద్ద నున్నది. వ్రతమునాడు మా చేతులకు మట్టిగాజులే యున్నవి. చూచి అడిగిన వారికి ఉన్న సంగతి చెప్పితిమి.